ప్లానులో ఖాళీ స్థలం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "గ్రామాభివృద్ధిలో ఇంజినీర్ల పాత్ర" మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. సరేనన్నాను. తీరా కాగితం పెట్టుకుని కూర్చుంటే, ముప్పై ఏళ్లు దాటిన నా ఉద్యోగంలో కట్టినవాటికన్నా పడగొట్టింది ఒకటి ముందు గుర్తొచ్చింది. దాని సంగతే చెబుతాను. విషయం పక్కకి పోయిందని మీకనిపిస్తే కార్యదర్శిగారు గంట కొట్టొచ్చు. ఈ బడిలో గంట విని కూర్చోవడం నాకు అలవాటే.

ముందు మన ఊరి సంగతి. నేను 1984లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. అప్పటికి మనకి ఇప్పటి రోడ్లు లేవు. కైకలూరు వెళ్లాలన్నా, ఆకివీడు వెళ్లాలన్నా నీళ్లు దాటాల్సిందే. ఫాల్గుణ మాసంలో పెద్దింట్లమ్మ తల్లి జాతరొస్తే చుట్టుపక్కల లంకలన్నిట్లోంచీ పడవల మీద జనం దిగేవాళ్లు. జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణం ఒకెత్తు, రాత్రుళ్లు జరిగే నాటకాలు ఒకెత్తు. మా ఇంట్లో జాతర అంటే మా అమ్మకి మొక్కు, మా నాన్నకి చుట్టాలు, నాకు మాత్రం నాటకం.

కురుక్షేత్రం, హరిశ్చంద్ర, గయోపాఖ్యానం, రాయబారం. పేరున్న నటులైతే కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లు. ఇద్దరు కృష్ణులు, ఇద్దరు అర్జునులు ఉంటే ఆ రాత్రి ఇంక తెల్లారదు. మొదటి కృష్ణుడు పద్యం ఎత్తి రాగం తీస్తుంటే రెండో కృష్ణుడు తెర పక్కన బీడీ కాలుస్తూ వినేవాడు. ఆయనకీ తెలుసు, జనానికీ తెలుసు, ఇంకో గంటలో తను ఇంతకన్నా పైకి ఎక్కాలని. ఒన్స్‌మోర్లు పడితే హార్మోనిస్టుకి చేతులు నొప్పి పుట్టేవి. మైకు ఉంటే ఉండేది, బ్యాటరీ అయిపోతే ఉండేది కాదు. అయినా ఎవరూ లేచి వెళ్లేవాళ్లు కాదు.

మైకు లేకపోయినా వినపడటం వెనక ఒక భౌతిక శాస్త్రం ఉంది. కాకినాడలో ఇంజినీరింగు చదివేటప్పుడు తెలిసింది. గాలి లేని రాత్రి నీటిని ఆనుకున్న గాలి చల్లగా, దాని పైపొర కొంచెం వెచ్చగా ఉంటే, శబ్దం ఆకాశంలోకి పోకుండా వంగి మళ్లీ కిందికే వస్తుంది. మధ్యలో చెట్టూ పుట్టా అడ్డం ఉండవు. అందుకే ఇక్కడ ఎత్తిన పద్యం అవతలి లంకలో మంచం మీద పడుకున్న ముసలాయనకీ వినపడేది. జాతరకి రాలేని బాలింతలు, కాళ్లు లేవని వాళ్లు ఇంటి దగ్గరే వినేవాళ్లు. పొద్దున్న మా మేనత్త "రాత్రి మీ అర్జునుడికి గొంతు సరిగా లేదురా" అని చెప్పింది ఒకసారి. ఆవిడ మా ఊరు రానేలేదు.

ఇప్పుడు నా పరువు తీసే సంగతి ఒకటి చెప్పాలి. ఎనిమిదో తరగతిలో తెలుగు మాస్టారు నాకు రాయబారంలో ఒక పద్యం నేర్పి, బడి వార్షికోత్సవానికి మన స్టేజీ మీద పాడించారు. ఆవేళ హార్మోనియం వాయించింది జాతర నాటకాలకి వాయించే తాతగారే. ఆయన నాలుగు శ్రుతి పెట్టారు. నేను భయంతో ఎక్కడో కిందెక్కడో ఎత్తాను. పాదం సగంలో గొంతు ఆగిపోయింది. ముందు వరసలో మా క్లాసువాళ్లు నవ్వడం మొదలుపెట్టారు, ఆ నవ్వినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు కూడా ముందు వరసలోనే ఉన్నారు. తాతగారు నా వంక చూడకుండా, ఏదీ జరగనట్టు, నేనున్న చోటికి శ్రుతి దింపేశారు. రెండో ఎత్తులో పద్యం దానంతటదే నడిచింది. దిగాక ఆయన అన్నది ఒకటే మాట: "ఇక్కడ తప్పు పాడితే ఏమవుతుందిరా, ఇది మన ఊరే కదా."

నేను గాయకుణ్ణి కాలేదు. నా గొంతు మీకు తెలుసు. కానీ ఆ మాట నాతో ఉండిపోయింది. తప్పు పాడటానికి ఒక చోటుండాలి. టికెట్టు కొనని జనం, అద్దె అడగని నేల, తెలిసిన మొహాలు, వీటి ముందు పది తప్పులు పాడినవాడే పదకొండోసారి ఏలూరులోనో బెజవాడలోనో ఒన్స్‌మోరు కొట్టించుకుంటాడు. మన పక్కనే ఉన్న ఆటపాకలో 1907లో పుట్టిన బందా కనకలింగేశ్వరరావుగారు ఏలూరులో ప్లీడరీ చేస్తూ, 1938లో ప్రభాత్ థియేటర్ పెట్టి, బాహుకుడిగా, బిల్వమంగళుడిగా రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నారు. కూచిపూడి భాగవతుల కోసం ఆయన పడ్డ శ్రమ వేరే కథ. ఈ కొల్లేటి గట్టు మనిషే. మనవాళ్లకి ఆటపాకంటే గూడకొంగలే గుర్తొస్తాయి గానీ, ఆయన పేరు కూడా మన పిల్లలకి చెప్పాలి.

ఇక నేను పడగొట్టినదాని సంగతి.

కోస్తాలో ఒక పట్టణం. పేరు చెప్పను, అందులో ఉన్నవాళ్లందరూ ఇంకా ఉన్నారు. ఊరి నడిబొడ్డున, పెద్ద బజారుకి ఆనుకుని ఒక పాత నాటకాల హాలు. టేకు దూలాలు, పెంకుల కప్పు. స్టేజీ చెక్కబల్లలది, కింద బోలుగా ఉండేది. దాని మీద గజ్జె కట్టినవాడు అడుగేస్తే ఆఖరి వరసలో కుర్చీకి తెలిసేది. హాలు వెనక ఆరొందల గజాల జాగా, మధ్యలో నిద్రగన్నేరు చెట్టు. శ్రీరామనవమికి అక్కడ తాటాకు పందిరి వేసి తొమ్మిది రాత్రులు హరికథలు, బుర్రకథలు చెప్పించేవారు. మామూలు రోజుల్లో అరటిపళ్ల బళ్లు నిలిపేవారు.

2004లో ఆ మొత్తం తీసేసి వ్యాపార సముదాయం కట్టే పని మా కంపెనీకి వచ్చింది. సర్వే చేసిందీ, ఉన్నది ఉన్నట్టు ప్లాను గీయించిందీ నేనే. ఆ డ్రాయింగులో హాలు మీద "శిథిల కట్టడం" అని రాశాను. అది నిజమే, కప్పు కారుతోంది, దూలాలకి చెద పట్టింది. వెనక జాగా మీద "ఖాళీ స్థలం" అని రాశాను. అది అబద్ధం. కానీ అప్పుడు నాకు అబద్ధమని తట్టలేదు. మా వృత్తిలో గోడ లేని చోటల్లా ఖాళీయే.

పడగొట్టే ముందురోజు ఒక పెద్దాయన సైకిలు మీద వచ్చాడు. తబలా వాయిస్తానని చెప్పుకున్నాడు. ఆపమని అడగలేదు. "బాబూ, ఈ స్టేజీ లోతెంతో కొలిచి రాసిపెట్టుకోండి. మళ్లీ కట్టేటప్పుడు అంతే ఉంచండి. కురుక్షేత్రంలో రథం తిరగాలి" అన్నాడు. ఎందుకో ఆయన ముందే టేపు పట్టి కొలిచాను. వెడల్పు ముప్పై అడుగులు, లోతు ఇరవై నాలుగు. ఫీల్డుబుక్కులో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరుంది.

కొత్త భవనంలో ఆడిటోరియం లేదనుకోకండి. ఉంది. మూడో అంతస్తులో మూడొందల కుర్చీలతో, ఏసీతో, కర్టెన్లతో కట్టాం. దాని స్టేజీ లోతు పద్నాలుగు అడుగులు. ఎందుకంటే అడుగున సెల్లారులో కార్లు తిరగాలి. కార్ల కోసం వేసిన స్తంభాల వరసే పైదాకా పోతుంది. కింద కారుకి ఎంత చోటు కావాలో చూశాక, మిగిలింది పైన కృష్ణుడికి దక్కింది. నేను మీటింగులో ఒకసారి ఇరవై నాలుగు అన్నాను. ఒక స్తంభం జరపాలి, నాలుగు కార్లు తగ్గుతాయి అన్నారు. నేను రెండోసారి అనలేదు. ఇది నా తప్పు, ఇంకెవరిదీ కాదు.

తరవాతేమైందో మీరు ఊహించే ఉంటారు. ఏసీ కరెంటు బిల్లుకే నాటక సమాజం చందాలు చాలలేదు. హాలుని పెళ్లిళ్లకి లీజుకిచ్చారు. ఇప్పుడు నాటకాలవాళ్లకి తేదీ దొరికేది ఆషాఢంలోనూ, మూఢంలోనే. మంచి ముహూర్తం ఒక్కటి ఉన్నా రాజు నాటకం ఆగిపోతుంది, వాళ్ల అబ్బాయి పెళ్లి నడుస్తుంది. పైగా మూడో అంతస్తుకి లిఫ్టులో సీను సామాను పట్టదు. కోట ద్వారం మెట్ల మీంచి మోసుకుపోతుంటే నేను కళ్లారా చూశాను. నిద్రగన్నేరు ఉన్న చోట ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మరు ఉంది.

జనం టీవీలకి, సెల్‌ఫోన్లకి మరిగి నాటకం చచ్చిపోయిందని మనం తేలిగ్గా అనేస్తాం. కొంత నిజమే. కానీ జనం మానేయకముందే చోటు పోయిన సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సురభివాళ్లని చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలై, కుటుంబాలకి కుటుంబాలే నాటకమై బతికిన సమాజం అది. వాళ్లు హాలు కూడా తమతోనే మోసుకెళ్లేవాళ్లు. ఊళ్లో ఒక మైదానం చూసి డేరా, రేకులు దింపి, నెలల తరబడి ఆడి, మళ్లీ విప్పుకుని ఇంకో ఊరు పోయేవాళ్లు. మాయాబజారు నేను చూసింది ఏలూరులో అలాంటి డేరాలోనే, మా నాన్న భుజం మీద కూర్చుని. వాళ్లకి కావలసింది కళాక్షేత్రం కాదు, ఊరి నడుమ నాలుగు నెలలు ఎవరికీ అక్కర్లేని అరెకరం. పట్టణాల్లో గజం ధర చూశాక ఎవరికీ అక్కర్లేని అరెకరం అనేది ఎక్కడుంటుంది?

పెద్ద హాళ్లు కట్టలేదని కాదు. హైదరాబాదులో రవీంద్రభారతి 1961 నుంచీ ఉంది, బెజవాడలో తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం ఉంది. అవి కావాలి. కానీ అక్కడికి చేరేది అప్పటికే పాడటం వచ్చినవాడు. మన ఎనిమిదో తరగతి కుర్రాడు అక్కడ తప్పు పాడలేడు.

ఇది మన ఒక్కళ్ల తంటా కాదని తరవాత చదివి తెలుసుకున్నాను. లండను నగరంలో కుర్రాళ్లు గిటారు పట్టుకుని మొదటిసారి ఎక్కే చిన్న చిన్న సంగీతశాలలు 2007లో 136 ఉంటే, 2015కి 88 మిగిలాయని నగర మేయరు వేసిన బృందం లెక్కతేల్చింది. అద్దెలు పెరగడం, పాత వీధులు కొత్తగా కట్టడం, అన్నిటికన్నా విచిత్రం, పక్కన కొత్తగా ఫ్లాట్లు కొనుక్కుని దిగినవాళ్లు "ఈ గోలేమిటి" అని ఫిర్యాదు చేయడం. ముందునుంచీ పాడుతున్నవాడు ముద్దాయి, నిన్న వచ్చినవాడు బాధితుడు. దీనికి ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2014లో ఒక నిబంధన పెట్టింది. 2018లో ఇంగ్లండు కూడా తన ప్రణాళికా విధానంలో చేర్చుకుంది. సారాంశం ఇదీ: మార్పు ఎవడు తెస్తాడో, దాని ఖర్చు వాడే భరించాలి. పాతకాలం పాటశాల పక్కన అపార్టుమెంటు కడితే, శబ్దం లోపలికి రాకుండా మందం కిటికీలు పెట్టుకోవలసింది అపార్టుమెంటు కట్టేవాడు. పాడేవాడి నోరు మూయించకూడదు. చదివినప్పుడు, మా మీటింగులో ఈ వాక్యం ఒక్కటి నా చేతిలో ఉంటే ఆ స్తంభం జరిగేదేమో అనుకున్నాను.

మన దేశంలో శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడుస్పీకరు పెట్టకూడదు. ప్రత్యేకమైన పండగలకి, ఉత్సవాలకి ఏడాదికి పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. నేను ఆ నిబంధనకి వ్యతిరేకిని కాను. పరీక్షల పిల్లలున్నారు, గుండెజబ్బు ఉన్నవాళ్లున్నారు. డీజే పెట్టెలు వచ్చాక నిబంధన లేకపోతే బతకలేం. కాకపోతే మన పద్యనాటకం రాత్రి పదికి మేకప్పు మొదలుపెట్టే జాతి. సాయంత్రం ఆరుకే మొదలుపెట్టి పదికి ముగించే నాటకం నేర్చుకోవాలి, రెండు హార్మోనియంలకి నాలుగు నిలువెత్తు స్పీకర్లు అక్కర్లేదని కూడా గుర్తు చేసుకోవాలి. ఈ మాట పద్యనాటకాభిమానులకి నచ్చదు. నచ్చకపోయినా చెబుతున్నాను.

ఇప్పుడు నేను అసలు ఎందుకొచ్చానో చెప్పేస్తాను.

స్వర్ణోత్సవానికి గుర్తుగా మన సంఘం ఒక భవనం కడదామనుకుంది. కింద ఆరు షాపులు, పైన కమ్యూనిటీ హాలు. షాపుల అద్దెతో పేద పిల్లలకి స్కాలర్‌షిప్పులు. ఆలోచన బంగారం లాంటిది, దానికి నా చందా నేను ముందే ఇచ్చాను. ప్లాను సరిచూడమని పోయిన నెల నాకు పంపారు. గీసింది మన బడి అబ్బాయే, 2012 బ్యాచి, చక్కగా గీశాడు. అందులో మన పాత స్టేజీ మీద "శిథిల కట్టడం" అని ఉంది. స్టేజీ ముందు జాగా మీద "ఖాళీ స్థలం" అని ఉంది.

నా చేతిరాత చూసుకున్నట్టయింది. ఆ అబ్బాయిని ఏమీ అనలేదు, అనే అర్హత నాకు లేదు. ఫోన్ చేసి, "నాన్నా, ఒకసారి ఆ స్టేజీ లోతు కొలిచి చెప్పు" అన్నాను.

ఆ జాగా గురించి మనందరికీ తెలిసిన సంగతే, ఒకసారి గట్టిగా చెప్పుకోవాలి. మనది నీళ్ల మధ్య ఊరు. మెరక నేల మనకి సెంట్ల లెక్క. బుడమేరు, తమ్మిలేరు పొంగిన ఏడు పశువుల్ని ఎక్కడ కట్టాలో తెలియక ఇంటి అరుగుల మీద కట్టుకున్నాం. అంత కరువులో కూడా మన తాతలు ఈ ఒక్క మెరక మీద ఇల్లు కట్టుకోలేదు, పాక వేసుకోలేదు. జాతర జనం కూర్చోవాలని వదిలేశారు. వరదొస్తే అదే పునరావాసం, ఎండాకాలం అదే కళ్లం, ఫాల్గుణంలో అదే రంగస్థలం. అది ఖాళీగా ఉన్నది ఎవరూ పట్టించుకోక కాదు, అందరూ పట్టించుకోబట్టి.

పట్టణంలో అయితే ఒకచోట మైదానం పోతే ఊరి చివర ఇంకోటి చూసుకుంటారు. మనకి ఊరి చివరంటే కొల్లేరు. చుట్టూ అయిదో కాంటూరు దాకా 1999 నుంచీ అభయారణ్యం, 2002 నుంచీ రామ్‌సర్ చిత్తడి నేల. 2006లో చేపల చెరువుల గట్లు ఎలా పేల్చారో ఇక్కడ చాలామంది గట్టున నిలబడి చూశారు. ఇంకో మెరక పూడ్చుకుందామంటే కుదరదు, కుదరకూడదు కూడా. కాబట్టి ఇది పోతే మళ్లీ రాదు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. నిన్న రాత్రి మా బ్యాచి వాడే అడిగాడు: "ఏడాదికి నాలుగు రాత్రుల కోసం మూడొందల అరవై రోజులు ఖాళీగా ఉంచుతావా? జాతరలో కూడా ఇప్పుడు ఆడేది రికార్డింగు డాన్సే కదా" అని. రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నేనూ చూశాను, తలొంచుకుని వచ్చేశాను. మొదటి ప్రశ్నకి మాత్రం ఉంది. నిన్న సాయంత్రం నేను వెళ్లేసరికి ఆ స్టేజీ మీద ఏడో తరగతి ఆడపిల్లలు కోలాటం వేస్తున్నారు. టీచరుగారు ఫోన్లో పాట పెట్టారు. ఒకమ్మాయి పదేపదే కర్ర తప్పుగా కొడుతోంది, మిగతావాళ్లు మళ్లీ మొదలెడుతున్నారు. ఎవరినీ అద్దె అడగలేదు, ఎవరూ తేదీ రాసుకోలేదు. ఈ వాడకం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు, అందుకే ప్లానులో ఖాళీ అయిపోతుంది.

కాబట్టి నేను ఇంకో ప్లాను గీసుకొచ్చాను. భవనాన్ని తూర్పు మూలకి, పాత సైకిలు షెడ్డు ఉన్న వైపుకి జరిపాను. మన నల్లరేగడి బంకమట్టిలో మామూలు పునాదులు నిలవవు కాబట్టి పైల్సు ఎలాగూ తప్పవు, జరిపినందుకు అక్కడ పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది షాపుల్లో. ఆరు కాస్తా మూడవుతాయి. అద్దె సగానికి పడిపోతుంది, స్కాలర్‌షిప్పులూ ఆ మేరకి తగ్గుతాయి. ఇది చిన్న నష్టం కాదు, తీపి మాటలతో కప్పను. ఆ సగంలో కొంత మా బ్యాచి ఏటా చందా వేసుకుంటుంది. ఎంతన్నది భోజనాల దగ్గర వాళ్లని పట్టుకుని అడుగుతాను, తప్పించుకోకండి. స్టేజీకి మాత్రం పగుళ్లు పూడ్చి, వాన పడకుండా రేకుల కప్పు వేసి వదిలేద్దాం. ఏసీ వద్దు, కుర్చీలు వద్దు. షాపు అద్దెకి తీసుకునేవాడి కాగితంలో ఒక షరతు రాద్దాం: పక్కన పాట ఉంటుంది, తెలిసే దిగుతున్నాను అని.

2012 బ్యాచి అబ్బాయి స్టేజీ కొలిచి చెప్పాడు. లోతు ఇరవై రెండు అడుగులు. రథం తిరగడానికి రెండడుగులు తక్కువ. తాతల లెక్క ఎక్కడో తప్పిందో, లేక మన ఊరి రథం చిన్నదో తెలీదు. కొత్త ప్లానులో ఆ రెండూ కలిపాను.

రెండు ప్లాన్లూ బయట వరండాలో బల్ల మీద పెట్టాను. భోజనాలకి వెళ్లేటప్పుడు చూడండి. లెక్కల మాస్టారుగారి కోసం పక్కన ఎర్ర పెన్ను కూడా పెట్టాను. నా లెక్కలు దిద్దడం ఆయనకి కొత్త కాదు.